మత స్వేచ్ఛ ఎక్కడిదాకా, వివక్ష ఎక్కడి నుంచి? తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్, హనుమకొండ, జనగామ, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ జిల్లాల్లోనూ, పైన జగిత్యాల, నిజామాబాద్, నిర్మల్ వైపునా ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. అందుకే అడిగినవాళ్ల మాటల్లోనే ప్రశ్నలు పెట్టి జవాబులు ఒకచోట చేర్చాం. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి.

## ముందు హక్కు సంగతి

మత స్వేచ్ఛ ఉన్నప్పుడు మా గుడికి ఎవర్ని రానియ్యాల్నో మేమే చెప్పుకోవద్దా?

రాజ్యాంగం 25వ అధికరణ నమ్మకానికీ, పూజకూ, ప్రచారానికీ స్వేచ్ఛ ఇచ్చింది. అయితే ఆ వాక్యం మొదలవడమే షరతుతో మొదలవుతుంది: శాంతిభద్రతలు, నైతికత, ఆరోగ్యం, ప్రాథమిక హక్కుల్లోని మిగతా నిబంధనలు, వీటన్నిటికీ లోబడి. సమానత్వం చెప్పే 14, వివక్ష వద్దనే 15, అంటరానితనాన్ని రద్దు చేసిన 17 ఆ మిగతా నిబంధనల్లోవే. పైగా 25(2)(బి) ప్రకారం ప్రజలందరికీ చెందిన హిందూ ఆలయాలను అన్ని వర్గాల హిందువులకూ తెరిపించే చట్టం ప్రభుత్వం చెయ్యవచ్చు. మూల్కిలోని వెంకటరమణ దేవాలయం కేసులో 1958లో సుప్రీంకోర్టు ఈ లెక్క తేల్చింది. ఆ గుడి ఒక సంప్రదాయం వాళ్లదే కావచ్చు, కొన్ని ప్రత్యేక పూజలు వాళ్లు తమవరకే చేసుకోవచ్చు, కానీ మిగతా హిందువులను మొత్తంగా గుడి బయటే నిలబెట్టడానికి వీల్లేదంది. పూజ ఎట్లా చెయ్యాలన్నది మతం సంగతి. గుడి పదిమందిదైనప్పుడు గడప ఎవరు దాటాలన్నది చట్టం సంగతి. ఏ గొడవ వచ్చినా ముందు ఈ రెండింటినీ విడదీసి చూడండి, సగం చిక్కు అక్కడే విడిపోతుంది.

వివక్ష చేసినోళ్లకు శిక్ష వేసే చట్టం ఒకటి ఉంటది గదా, దాని పేరేంది?

అన్ని రకాల వివక్షకూ కలిపి ఒకే చట్టం మన దేశంలో లేదు. చాలామంది ఇక్కడే తప్పుదారి పడతారు. ఏ చట్టం పని చేస్తుందన్నది రెండు విషయాల మీద ఆధారపడి ఉంటుంది: బాధితులు ఎవరు, ఆపినవాళ్లు ఎవరు. ఎస్సీలపై అంటరానితనం పాటిస్తే 1955 పౌర హక్కుల రక్షణ చట్టం. ఎస్సీ, ఎస్టీలపై ఇతరులు చేసే నేరాలకు 1989 అత్యాచారాల నిరోధక చట్టం, అంటే జనం అట్రాసిటీ అనేది. ఆపింది ప్రభుత్వ కార్యాలయమో ప్రభుత్వ సంస్థో అయితే రాజ్యాంగం 14, 15, 16 అధికరణలు, హైకోర్టులో రిట్ (హక్కు కాపాడమని నేరుగా వేసే పిటిషన్). దుకాణం, హోటల్, బావి, చెరువు, స్నానఘట్టం, రోడ్డు విషయంలో 15(2) ప్రైవేటు వ్యక్తులకు కూడా వర్తిస్తుంది. వికలాంగులకు 2016 చట్టం, హెచ్ఐవీ ఉన్నవాళ్లకు 2017 చట్టం, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు 2019 చట్టం వేరుగా ఉన్నాయి. ప్రైవేటు మనిషి కేవలం మతం చూసి ఇల్లో కొలువో ఇవ్వకపోతే నేరుగా పట్టుకునే చట్టం మాత్రం లేదు. ఇది పెద్ద లోటు. ఉన్నదని చెప్పి ఎవరినీ మభ్యపెట్టకూడదు.

"ఇది మా తాతల నాటి ఆచారం" అంటే కోర్టు ఊకుంటదా?

ఊకోదు. ఒక ఆచారం ఆ మతానికి ప్రాణం లాంటిదా, అది లేకపోతే మతమే మారిపోతుందా అని కోర్టు చూస్తుంది. 1954 శిరూర్ మఠం తీర్పు నుంచి ఈ పరీక్ష నడుస్తోంది. గ్రంథం, ఆగమం, ఆ సంప్రదాయం పాత రికార్డులు చూపించాలి. వాడుకలో ఉందని నోటిమాటగా చెబితే చాలదు. మన ఉమ్మడి రాష్ట్రం 1987 దేవాదాయ చట్టంలో అర్చకుల వంశపారంపర్య హక్కు రద్దయితే, 1996లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. పూజ మతానికి సంబంధించినదే, కానీ ఆ కొలువులోకి ఎవరు వస్తారన్నది ప్రభుత్వం నియంత్రించగల లౌకిక వ్యవహారమని చెప్పింది. ఇక అంటరానితనం విషయంలో ఈ పరీక్షతో పనే లేదు. 17వ అధికరణలో ఆచారానికి మినహాయింపు ఒక్క మాట కూడా లేదు.

## గుడి, జాతర, ప్రార్థన

పోచమ్మ గుడి కులపోళ్లు కట్టుకున్నది, ప్రైవేటుది అంటున్నరు. ఎస్సీలను ఆపొచ్చా?

ఆపరాదు. 1955 చట్టంలో "ప్రజా ఆరాధన స్థలం" అన్న మాటకు అర్థం చాలా విశాలంగా రాశారు. గుడి ఒకరి సొంతదైనా, అక్కడ పదిమంది వచ్చి మొక్కుతుంటే, యజమాని అందుకు ఒప్పుకుంటే, అది ప్రజా ఆరాధన స్థలమే. దానికి ఆనుకుని ఉన్న స్థలం, లోపలి చిన్న గుళ్లు కూడా అందులోకే వస్తాయి. ఎస్సీలను ఆపితే నెల నుంచి ఆరు నెలల వరకు జైలు, జరిమానా. ఆపింది కులం వల్లనే అని మీరు విడిగా నిరూపించాల్సిన పని లేదు. ఆగినవాళ్లు ఎస్సీలైతే అంటరానితనం వల్లనే ఆపారని కోర్టు ముందే అనుకుంటుంది, కాదని చూపించే భారం అవతలివాళ్లది. ఇదే పని అట్రాసిటీ చట్టంలోనూ నేరమే, అక్కడ శిక్ష ఆరు నెలల నుంచి ఐదేళ్లు.

బోనాలప్పుడు మా వాడోళ్లను ఎనుక నడవమంటరు, బతుకమ్మ ఆడనియ్యరు. ఇది కూడా కేసేనా?

అవును. 2015లో సవరించిన అట్రాసిటీ చట్టం సెక్షన్ 3(1)(జడ్‌ఏ) మతపరమైన, సామాజిక, సాంస్కృతిక ఊరేగింపుల్లో పాల్గొనకుండా అడ్డుకోవడాన్ని నేరం చేసింది. "జాతరలు" అన్న మాట కూడా చట్టం పాఠంలోనే ఉంది. పెళ్లి ఊరేగింపు ఆపడం, కొత్త బట్టలు కట్టుకున్నారనో చెప్పులు వేసుకున్నారనో బండి మీద వెళ్లారనో అడ్డుపడటం కూడా అదే సెక్షన్‌లో ఉన్నాయి. బతుకమ్మను చెరువు దాకా తీసుకుపోయే దారి, చెరువు గట్టు అందరివి. "మీరు మీ వాడలనే ఆడుకోండ్రి" అన్న మాట ఎవరు, ఎక్కడ, ఎవరి ముందు అన్నారో ఆ రోజే రాసిపెట్టుకోండి.

మేడారంల కోయ వడ్డెలే పూజ చేస్తరు. మరి అది వివక్ష కాదా?

రెండు వేర్వేరు విషయాలు. సమ్మక్క సారలమ్మ గద్దెల దగ్గర పూజావిధానం కోయల సంప్రదాయం. అమ్మవారిని గద్దెకు తెచ్చే వడ్డె పాత్ర ఆ సంప్రదాయంలో భాగం. 26వ అధికరణ ఒక మత సంప్రదాయానికి తన మత వ్యవహారాలు తానే నడుపుకొనే హక్కు ఇస్తుంది. అదే సమయంలో గద్దెల దగ్గరికి వచ్చి నిలువెత్తు బంగారం, అంటే బెల్లం, సమర్పించుకోవడానికి ఏ కులం, ఏ మతం అని ఎవరూ అడగరు. పూజ చేసే చేయి సంప్రదాయానిది, మొక్కే హక్కు అందరిది. ఈ తేడాకు మన ప్రాంతంలో ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. అర్చక పదవికి కులమే అర్హత అన్న వాదన మాత్రం అన్నిచోట్లా నిలవదు. బ్రాహ్మణేతరుణ్ని పూజారిగా నియమించడం తప్పు కాదని 2002లో కేరళ ఆలయం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఆడవాళ్లను లోపలికి రానియ్యకపోతే ఏం చెయ్యాలె?

దీనికి 1955 చట్టంలో నేరం లేదు, అది కులం సంగతే చూస్తుంది. దారి రాజ్యాంగ కోర్టు. శబరిమలపై 2018 సెప్టెంబర్ 28న 4:1 మెజారిటీతో మహిళల ప్రవేశానికి అనుకూలంగా తీర్పొచ్చింది. 2019లో దాంట్లోని ప్రశ్నలు పెద్ద ధర్మాసనానికి వెళ్లాయి. మన హైకోర్టు 2024 జులైలో హైదరాబాద్ దారుల్‌షిఫాలోని ఇబాదత్ ఖానాలో అక్బారీ షియా మహిళల ప్రార్థనకు అనుమతి ఇవ్వాలని చెప్పింది. ఆలయం దేవాదాయ శాఖ కింద ఉంటే ముందు ఆలయ కార్యనిర్వహణాధికారికి (ఈవో), తర్వాత వరంగల్‌లోని శాఖ అధికారులకు రాతపూర్వకంగా ఇవ్వండి. జవాబు రాకపోయినా ఆ కాగితమే రిట్‌కు పునాది.

గుడి దగ్గర దుకాణం వేరే మతపోళ్లకు ఇయ్యొద్దంటున్నరు. నిజమేనా?

గుడి లోపలి కొలువు వేరు, గుడి బయటి వ్యాపారం వేరు. మత సంస్థ వ్యవహారాలు చూసే పదవి ఆ మతస్థులకే ఉండాలని చట్టం పెట్టవచ్చు, 16(5) అధికరణ దానికి చోటిచ్చింది. కొబ్బరికాయల దుకాణం, బొమ్మల దుకాణం ఆ కోవలోకి రావు. శ్రీశైలం దుకాణాల విషయంలో 2021 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు కేవలం మతం కారణంగా ఎవరినీ వేలం నుంచి తప్పించవద్దని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. మున్సిపల్ రోడ్డు మీద తోపుడు బండికి 2014 వీధి వ్యాపారుల చట్టం వర్తిస్తుంది, అందులో మతం ప్రస్తావనే లేదు. వేములవాడ రాజన్న ఆలయ ఆవరణలోనే దర్గా ఉంది, ఇద్దరికీ మొక్కి పోయేవాళ్లు ఎందరో. మన దగ్గరి అలవాటు అది.

మా ఇంట్ల ఆదివారం ప్రార్థన పెట్టుకుంటే ఊరోళ్లు ఆపుతున్నరు.

సొంత ఇంట్లో నలుగురు కూడి ప్రార్థించడం 25వ అధికరణ కిందికి వస్తుంది. మైకు విషయంలో మాత్రం జాగ్రత్త పడండి. లౌడ్‌స్పీకర్‌కు రాతపూర్వక అనుమతి ఉండాలి. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. ఆరుబయట రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మైకు వద్దు. ఇది గుడికీ, మసీదుకూ, చర్చికీ ఒకటే, 2000లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఇదే. చాలా కేసుల్లో గొడవ మైకుతో మొదలై మతం మీదికి పోతుంది. మైకు లేకుండా చేసుకుంటే అవతలివాళ్లకు పట్టు దొరకదు. ఇంటినే శాశ్వతంగా ప్రార్థనా మందిరం చెయ్యాలనుకుంటే భవన వినియోగం మార్పుకు పంచాయతీ లేదా కార్పొరేషన్ అనుమతి కావాలి. చట్టబద్ధంగా జరుగుతున్న ప్రార్థనను కావాలని చెడగొడితే బీఎన్ఎస్ (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత) సెక్షన్ 300 కింద ఏడాది వరకు జైలు.

## ఊరి కట్టుబాట్లు

వీడీసీ మా ఇంటిని ఎలేసింది. మేం ఎస్సీలం కాదు, బీసీలం. మాకు చట్టం లేదా?

గ్రామాభివృద్ధి కమిటీకి (వీడీసీ) 2018 పంచాయతీరాజ్ చట్టంలో ఏ అధికారమూ లేదు. జరిమానా వెయ్యడానికీ, దండోరా వేయించడానికీ, "వీళ్లతోటి మాట్లాడితే ఇంత కట్టాలె" అనడానికీ దానికి హక్కు లేదు. మహారాష్ట్ర 2016లో సాంఘిక బహిష్కరణపై ప్రత్యేక చట్టం చేసుకుంది. అటువంటిది మన దగ్గర రాకపోవడం వల్ల బీసీ కుటుంబాలు మామూలు నేర చట్టాన్నే పట్టుకోవాలి.

అది కూడా చిన్నదేమీ కాదు. జరిమానా పేరుతో బెదిరించి డబ్బు వసూలు చేస్తే బీఎన్ఎస్ 308, ఏడేళ్ల వరకు శిక్ష. బెదిరింపుకు 351, దారి ఆపితే 126, గుంపుగా చేరి చేస్తే 189. అసలు చిక్కు సాక్ష్యంలో వస్తుంది. అందరూ చూసిందే అయినా ఎవరూ ముందుకు రారు. అందుకే మొదటి రోజు నుంచే ఆధారం కూడబెట్టుకోవాలి: చాటింపు వేసే గొంతు ఫోన్‌లో రికార్డు, జరిమానా రసీదు లేదా వాట్సాప్ గ్రూపులో పెట్టిన మెసేజ్, కిరాణా కొట్టులో సరుకు ఇవ్వనన్న తేదీ, ట్రాక్టర్ రానన్న రోజు, నాట్లకు కూలీలు రాకుండా ఆగిన మడి ఫోటో. మీరు కట్టిన జరిమానా ఉంటే ఎంత, ఎవరి చేతిలో, ఏ రోజు అని రాయండి. బహిష్కరించినవాళ్లు కమిటీ పేరు వెనక దాక్కుంటారు. కంప్లైంట్‌లో "వీడీసీ" అని మాత్రమే రాయకండి, కూర్చున్నవాళ్ల పేర్లు ఒక్కొక్కటిగా రాయండి. కమిటీ జైలుకు పోదు, మనుషులు పోతారు.

బహిష్కరణకు గురైంది ఎస్సీ, ఎస్టీ కుటుంబమైతే ఇంకా బలమైన దారి ఉంది. సాంఘిక, ఆర్థిక బహిష్కరణ విధించడమే కాదు, విధిస్తామని బెదిరించడం కూడా అట్రాసిటీ చట్టం 3(1)(జడ్‌సీ) కింద నేరం.

వైకుంఠధామంల మా శవాన్ని కాల్చనియ్యలేదు.

ఊరూరా కట్టిన వైకుంఠధామాలు ప్రజాధనంతో కట్టినవి. కులం, మతం చూసి ఆపడం 15(2) అధికరణకు విరుద్ధం, ఆగింది ఎస్సీలైతే 1955 చట్టం సెక్షన్ 4 కింద నేరం కూడా. శవం ఎదురుగా ఉన్నప్పుడు కేసు గురించి వాదించే సమయం ఉండదు. 112కు ఫోన్ చేసి, తహసీల్దార్‌కు, పంచాయతీ కార్యదర్శికి ఒకేసారి చెప్పండి. అంత్యక్రియలు జరిపించే బాధ్యత వాళ్ల మీద పడుతుంది. ఫిర్యాదు రెండో రోజు రాయవచ్చు.

హోటల్‌ల చాయ్‌కి వేరే గ్లాసు, సెలూన్‌ల కటింగ్ చెయ్యనంటడు.

రెండు గ్లాసుల పద్ధతి, సెలూన్‌లో నిరాకరణ, రెండూ 1955 చట్టంలో ఉన్న నేరాలు. హోటల్ యజమాని ఏ కులమైనా ఈ చట్టం వర్తిస్తుంది. అట్రాసిటీ చట్టం మాత్రం నిందితుడు ఎస్సీ, ఎస్టీ కానప్పుడే పని చేస్తుంది. ఒక ఎస్సీ కులంవాళ్లు ఇంకో ఎస్సీ కులంవాళ్లను ఆపితే 1955 చట్టమే దిక్కు. నెలాఖరున పౌర హక్కుల దినం పేరుతో తహసీల్దార్, ఎస్సై వాడకు వస్తారు. గ్లాసులు అక్కడే చూపించండి, మినిట్స్‌లో రాయించండి.

## బడి, కొలువు, కిరాయిల్లు

మా పిలగాడు అయ్యప్ప మాలల ఉన్నడు, స్కూల్ల రానిస్తలేరు. హిజాబ్‌కు కూడా గట్లనే అంటున్నరు. చట్టం ఏమంటది?

సూటిగా చెప్పాలంటే తేలని ప్రశ్న. కర్ణాటక హిజాబ్ కేసులో 2022 అక్టోబర్ 13న సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు చెరో మాట చెప్పారు. తెలంగాణలో దీనిపై ప్రత్యేక చట్టం లేదు. అయినా చేతిలో కొన్ని పనిముట్లు ఉన్నాయి. విద్యాహక్కు చట్టం సెక్షన్ 17 పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. గేటు దగ్గర అందరి ముందు మాల తియ్యమనడం, స్కార్ఫ్ లాగడం ఆ కోవలోకి వస్తాయని వాదించవచ్చు. సెక్షన్ 16 ప్రకారం ఎలిమెంటరీ చదువు అయ్యేదాకా పిల్లలను బడి నుంచి తీసెయ్యకూడదు. ఇవి 6 నుంచి 14 ఏళ్ల వారికి. మైనారిటీ సంస్థలకు ఈ చట్టం వర్తించదని 2014లో తీర్పు ఉంది.

ఆచరణలో పని చేసేది ఇది: దీక్ష మొదలయ్యే ముందే హెడ్‌మాస్టర్‌కు ఉత్తరం ఇవ్వండి, ఎన్ని రోజులు, యూనిఫాం రంగులోనే చొక్కా వేస్తాడా, చెప్పులు లేకుండా వస్తాడా అని రాసి. స్కార్ఫ్ అయితే యూనిఫాం రంగులో. అయినా ఆపితే మండల విద్యాధికారికి (ఎంఈవో), తర్వాత జిల్లా విద్యాధికారికి (డీఈవో) రాయండి. ఒక బడి మాలను ఒప్పుకొని హిజాబ్‌ను ఆపినా, హిజాబ్‌ను ఒప్పుకొని మాలను ఆపినా వివక్ష వాదన చాలా బలపడుతుంది. ఆ తేడాను ఉత్తరంలో తప్పక రాయండి.

బడిల వేరే మతం ప్రార్థన చెయ్యమంటున్నరు. జాతీయ గీతం కూడా పాడాల్నా?

పూర్తిగా ప్రభుత్వ డబ్బుతో నడిచే బడిలో మతబోధ ఉండకూడదు. ప్రభుత్వ గుర్తింపు లేదా సాయం ఉన్న బడిలో తల్లిదండ్రుల సమ్మతి లేకుండా పిల్లలను మత ప్రార్థనకు కూర్చోబెట్టకూడదు. ఇది 28వ అధికరణ. "మా పాపకు సమ్మతి లేదు" అని ఒక్క పేజీ రాసిచ్చి నకలు మీద సంతకం తీసుకోండి. జాతీయ గీతం మత ప్రార్థన కాదు. అయినా నమ్మకం వల్ల పాడకుండా గౌరవంగా నిలబడ్డ కేరళ పిల్లలను బడి నుంచి తీసెయ్యడం తప్పని 1986లో సుప్రీంకోర్టు చెప్పింది.

కిరాయికి పోతే "మీదేం కులం, ఏం మతం" అని అడుగుతున్నరు.

ఎస్సీ అని ఇల్లు ఇవ్వకపోతే 1955 చట్టం సెక్షన్ 4 కింద నేరం, ఏ వాడలోనైనా ఇంట్లో ఉండే హక్కును ఆ సెక్షన్ పేరు పెట్టి మరీ చెప్పింది. ముస్లిం అనో క్రైస్తవుడనో ప్రైవేటు ఓనర్ ఇవ్వకపోతే నేరంగా చూపే చట్టం లేదు. డబుల్ బెడ్‌రూం, ఇందిరమ్మ ఇళ్లు ప్రభుత్వానివి కాబట్టి మతం చూసి తిప్పితే 15(1) కింద సవాలు చెయ్యవచ్చు. ఫోన్‌లో "మీవాళ్లకు ఇయ్యం" అంటే ఆ రికార్డింగ్‌ను అసలు ఫోన్‌లోంచి చెరపకండి. కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి, అసలు ఫోన్ ఉంటేనే అది సులువు.

కొలువుల మతం చూస్తే?

సింగరేణి ప్రభుత్వ కంపెనీ. అలాంటిచోట 16వ అధికరణ వర్తిస్తుంది, హైకోర్టుకు పోవచ్చు. ప్రైవేటు కంపెనీ మతం చూసి తీసుకోకపోతే నేరుగా చట్టం లేదు. యూనిఫాం దళాల్లో గడ్డం, దీక్ష వంటివాటికి నియమాలు కఠినం. వైమానిక దళంలో గడ్డంపై ఆంక్షను 2016లో సుప్రీంకోర్టు నిలబెట్టింది.

నేను చర్చికి పోతున్న. నా ఎస్సీ సర్టిఫికెట్ పోతదా?

1950 ఎస్సీ ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవాళ్లకే ఎస్సీ హోదా. చర్చి మెట్లు ఎక్కినంత మాత్రాన అది పోదు. బాప్తిస్మం తీసుకుని క్రైస్తవుడిగా బతుకుతున్నారా అన్నది చూస్తారు. 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు, నమ్మకం లేకుండా రిజర్వేషన్ కోసమే హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనంది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు పాస్టర్‌గా ఉన్న వ్యక్తి పెట్టిన అట్రాసిటీ కేసును కొట్టేసింది. ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లకు తెలంగాణలో బీసీ-సి కోటా ఉంది. మతం మారితే కులం గాయం మానిపోతుందా అన్న ప్రశ్న మాత్రం ఇంకా మిగిలే ఉంది. ఎస్టీలకు మతం షరతు లేదు, కోయలో లంబాడాలో చర్చికి వెళ్లినంతనే హోదా పోదు.

వేరే మతం అమ్మాయిని పెళ్లి చేసుకుంటున్న, మతం మారాల్నా?

అక్కర్లేదు. 1954 ప్రత్యేక వివాహ చట్టం ఉంది. ఇద్దరిలో ఒకరు కనీసం 30 రోజులుగా ఉంటున్న చోటి రిజిస్ట్రార్‌కు నోటీసు ఇవ్వాలి. 30 రోజుల తర్వాత, మూడు నెలలు దాటక ముందు, ముగ్గురు సాక్షులతో పెళ్లి. అబ్బాయికి 21, అమ్మాయికి 18. నోటీసు బోర్డు మీద అతికిస్తారు కాబట్టి ఇంటివాళ్లకు తెలుస్తుంది. ప్రాణభయం ఉంటే నోటీసు రోజే పోలీసు రక్షణకు దరఖాస్తు పెట్టండి. తండ్రికి మతం ఇష్టం లేదన్నది చట్టంలో చెల్లే అభ్యంతరం కాదు.

## కంప్లైంట్ దశ

కంప్లైంట్ ఎట్ల రాయాలె?

కేసులు పడిపోయేది ఎక్కువగా ఇక్కడే. "మమ్మల్ని కులం పేరుతో అవమానించారు, న్యాయం చేయగలరు" అని రాస్తే చదివేవాడికి ఏం జరిగిందో తెలియదు. ఇట్లా రాయండి: "ఫలానా తేదీ ఉదయం 10 గంటల ప్రాంతంలో, మా ఊరి పోచమ్మ గుడి మెట్ల దగ్గర, నేను బోనం ఎత్తుకుని పైకి పోతుంటే ఫలానా వ్యక్తి అడ్డం నిలబడి ఫలానా మాట అన్నాడు. అప్పుడు మెట్ల దగ్గర ఫలానా ముగ్గురున్నారు." తిట్టిన మాట ఎంత నీచమైనదైనా అచ్చంగా అదే రాయండి, సిగ్గుపడి మార్చకండి. నలుగురు చూసే చోటు అన్నది తప్పక రావాలి, ఎందుకంటే నాలుగు గోడల మధ్య చేసిన అవమానం అట్రాసిటీ చట్టంలోని ఆ నేరం కిందికి రాదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. నిందితుడికి మీ కులం ముందే తెలుసని, మీ కుటుంబంతో పరిచయం ఉందని ఒక వాక్యం రాయండి. భూమి తగాదా కూడా ఉంటే దాచకండి. అవతలి వకీలు ఎట్లాగూ తెస్తాడు, మీరే ముందు చెబితే నమ్మకం ఉంటుంది. కుల సర్టిఫికెట్ ఉంటే జతచెయ్యండి, లేకపోతే దానికోసం ఆగకండి.

ఎస్సై తీసుకుంటలేడు, "ముందు ఎంక్వయిరీ చేస్తం" అంటున్నడు.

అట్రాసిటీ చట్టం సెక్షన్ 18ఏ ప్రకారం ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదు. కొత్త బీఎన్ఎస్ఎస్‌లో (నేర కేసుల విధానం చెప్పే చట్టం) కొన్ని నేరాలకు 14 రోజుల ముందస్తు విచారణ ఉంది, దాన్ని ఇక్కడ చూపిస్తే ఒప్పుకోకండి. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఇవ్వవచ్చు. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. తీసుకోకపోతే పోస్టులో ఎస్పీకి, కమిషనరేట్ పరిధిలో అయితే కమిషనర్‌కు. ఆ తర్వాత మేజిస్ట్రేట్, లేదా నేరుగా ప్రత్యేక కోర్టు. విధి నిర్లక్ష్యం చేసిన అధికారిపై అట్రాసిటీ చట్టం సెక్షన్ 4 కింద ఆరు నెలల నుంచి ఏడాది శిక్ష ఉంది. ఎఫ్ఐఆర్ నకలు ఉచితం. సాయానికి 14566 హెల్ప్‌లైన్ ఉంది.

పెద్దమనుషులు రాజీ చెయ్యమంటున్నరు.

తెల్లకాగితం మీద సంతకం పెట్టకండి. 1955 చట్టం, అట్రాసిటీ చట్టం కింద కేసులు ఊర్లో రాజీతో మూసుకుపోయేవి కావు, ఎత్తెయ్యాలంటే హైకోర్టుకు పోవాల్సిందే. ఇంకో ప్రమాదం గడువు. 1955 చట్టంలోని చాలా నేరాలకు మొదటిసారి గరిష్ఠ శిక్ష ఏడాది లోపే కాబట్టి కోర్టు విచారణకు స్వీకరించే గడువు ఏడాది. "పండుగ పోనియ్యి, ఎలక్షన్లు పోనియ్యి" అని నడిపించేది అందుకే కావచ్చు.

## కేసు పెట్టిన తర్వాత

ఎన్ని రోజులైతది, సాయం ఎప్పుడొస్తది?

అట్రాసిటీ కేసును డీఎస్పీ స్థాయి అధికారి, కమిషనరేట్‌లో అయితే ఏసీపీ, దర్యాప్తు చెయ్యాలి. 60 రోజుల్లో చార్జిషీట్. ఆ తర్వాత రెండు నెలల్లో విచారణ ముగించాలని చట్టం, ఆచరణలో ఆలస్యమవుతుంది. తక్షణ సాయం ఏడు రోజుల్లో కలెక్టర్ ఏర్పాటు చెయ్యాలి. చాలా నేరాలకు సాయం సొమ్ము ఎఫ్ఐఆర్, చార్జిషీట్, శిక్ష దశల్లో వాయిదాలుగా వస్తుంది. బాధితుడి సొంత పేరున బ్యాంకు ఖాతా లేక ఆగిపోయే ఫైళ్లు ఉంటాయి, అది ముందే తెరవండి. కలెక్టర్ అధ్యక్షతన జిల్లా విజిలెన్స్ కమిటీ మూడు నెలలకోసారి కూర్చోవాలి. కదలని ఫైలును పేరు, ఎఫ్ఐఆర్ నంబర్‌తో ఆ సమావేశానికి ముందే రాసి పంపండి.

వాళ్లకు బెయిల్ వచ్చిందట, మాకు తెల్వదు.

తెలియకుండా రాకూడదు. అట్రాసిటీ చట్టం సెక్షన్ 15ఏ ప్రకారం బెయిల్ సహా ప్రతి విచారణకూ బాధితులకు ముందుగా నోటీసు ఇవ్వాలి, వాళ్ల మాట వినాలి. ఇది తప్పనిసరి అని 2021లో సుప్రీంకోర్టు తేల్చింది. నోటీసు లేకుండా బెయిల్ ఇస్తే దాని మీద హైకోర్టులో అప్పీలు చేయవచ్చు.

వకీలుకు పైసల్లేవు.

మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా కోర్టు ప్రాంగణంలోని న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వండి, లేదా 15100కు ఫోన్ చెయ్యండి. ఎఫ్ఐఆర్ నకలు, ఆధార్, కుల సర్టిఫికెట్ ఉంటే అది కూడా తీసుకెళ్లండి. వకీలును కేటాయించిన కాగితం మీద పేరు, ఫోన్ నంబర్ ఉందో లేదో చూసుకుని బయటికి రండి.